పైడమ్మ పేరుతో తెరుచుకునే తలుపులు

నమోదు 1

ఆరో రేవులో డేటాబేస్ శుభ్రం చేసేటప్పుడు ఆ పనితో సంబంధం లేని మనిషి ఒకరు పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు రాయాలని నియమం ఉంది. శుభ్రం చేసేవాళ్ళు తప్పు చేసి, దాన్ని కూడా శుభ్రం చేసేస్తారని మొదటి తరంవాళ్ళకు అనుమానం. ఈసారి సాక్షిగా నన్ను వేశారు. రేవు పత్రికలో విలేకరులం ఇద్దరం. రెండో ఆయన సెలవు పెట్టాడు.

శుభ్రం ఎందుకంటే తలుపులు. అవి పూర్తిగా తెరుచుకోకపోతే వార్త అయ్యేది. తెరుచుకుంటున్నాయి, కాకపోతే బాగా ఆలోచించి. మా ఊరు మంచు పైకప్పు కింద, సముద్రంలోకి వేలాడుతూ ఉంటుంది. భోజనశాలదైనా, స్నానాల గదిదైనా, లిఫ్టుదైనా ఇక్కడ ప్రతి ఉమ్మడి తలుపూ ‘ఎవరు’ అని అడుగుతుంది. పేరు చెప్పాలి. తలుపు ఆ పేరును డేటాబేస్‌లో వెతికి, దొరికితే తెరుచుకుంటుంది. వేలిముద్రలు పెట్టలేదు, ఎందుకంటే ఉప్పునీళ్ళలో చేపలు తోమే చేతులకు గీతలు మిగలవు. ముఖం చూసే కెమెరాలూ పెట్టలేదు. చలికి అందరం కళ్ళ దాకా ఉన్ని చుట్టుకునే తిరుగుతాం. పేరు చెప్పినవాడు ఆ పేరుగలవాడే అయి ఉంటాడని పెద్దలు నమ్మారు. పెద్దలు మంచివాళ్ళు.

ఈ ఉదయం భోజనశాల తలుపు ముందు నిలబడిన సేపట్లో ఒక పెళ్ళి సంబంధం మొదలై, బెడిసికొట్టి, ముగిసిపోయింది. తలుపు ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

“పోన్లెండి, ఇంకో సమ్మందం సూద్దుమా? టైముంది గదా,” అన్నాడు పెళ్ళికొడుకు మేనమామ.

శుభ్రం చేయటానికి మొదటి రేవు నుంచి హైమావతి వచ్చింది. తలుపు ముందు నిలబడే తన పద్ధతి చెప్పింది. మూడేళ్ళుగా ఏ ఉమ్మడి తలుపు దగ్గరా వినపడని పేర్లు తీసేస్తుంది. మరీ లావెక్కిన రికార్డుల్లో పాత భాగాన్ని అడుగు అరలోకి దించుతుంది. ఆ తర్వాత మిగిలినవాటికి ఇండెక్స్ వేస్తుంది.

ఇండెక్స్ అంటే ఏమిటని అడిగాను.

“పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో వేస్తారు చూడండి, అది. మీ యంత్రానికి అది లేదు. ఎవరు పేరు చెప్పినా మొదటి పేజీ నుంచి చదువుకుంటూ వస్తోంది.”

“ఇన్నేళ్ళూ అలాగే చదివిందా?”

“చదివింది. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ చదువుకున్నది అదే.”

నమోదు 2

తీసేయాల్సిన పేర్ల జాబితా ఈ రోజు వచ్చింది. అందులో తెడ్డు సందు దాదాపు మొత్తం ఉంది. మూడు వందల మంది, ఆడా మగా, మూడేళ్ళుగా ఏ తలుపూ దాటలేదట. వాళ్ళంతా బతికే ఉన్నారని నాకు తెలుసు. మా పత్రికలో రెండో పేజీ నిండేదే వాళ్ళ తగాదాలతో.

ఆ సందులో ఒకే ఒక్క పేరు మాత్రం తెగ తిరుగుతోంది. పైడమ్మ. మొన్న ఒక్క రోజే ఈ పైడమ్మ వందకు పైగా స్నానాలు చేసింది. అంతకు రెట్టింపు భోజనాలు చేసింది. ఒకే నిమిషంలో ఒక లిఫ్టులో పైకీ, ఇంకో లిఫ్టులో కిందికీ వెళ్ళింది.

“ఇది మనిషి కాదు,” అంది హైమావతి. “తలుపులు పరీక్షించటానికి మొదట్లో ఎవరో పెట్టిన ఉత్తుత్తి పేరు. తీయటం మర్చిపోయారు. మీ తలుపుల జబ్బు ఇదే. ఈ పేరు వినపడ్డప్పుడల్లా యంత్రం ఇంత చరిత్రా చదవాలి. తీసేస్తే సగం పని అయిపోతుంది.”

“ఆవిడ నాకు తెలుసు,” అన్నాను. “భోజనశాలలో వంట చేసేది. పులుసు బాగా పెడుతుంది.”

“రోజుకు వంద స్నానాలు చేసే మనిషి పులుసు ఎప్పుడు పెడుతుంది?”

ప్రశ్న సబబే. ఇద్దరం తెడ్డు సందుకు వెళ్ళాం. సందు తలుపు దగ్గర మాకు ముందు ఒకాయన చేపల బుట్టతో నిలబడి ఉన్నాడు. పేరు సన్యాసిరావు, సందు మద్యనిషేధ సంఘానికి అధ్యక్షుడు. తలుపు ‘ఎవరు’ అంది. “పైడమ్మ,” అన్నాడు ఆయన.

హైమావతి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. “మీరు పైడమ్మా?”

“కాదండి. ఆవిడ మా పెద్దమ్మండి.”

“మరి ఆవిడ పేరెందుకు చెప్పారు?”

“నా పేరు సెప్తే తలుపు తీసీలోపు సేప కుళ్ళిపోద్దండి.”

తలుపు తెరుచుకునేలోపు మిగతాది కూడా ఆయనే చెప్పాడు. తరచుగా వినపడే పేర్లను యంత్రం చేతికందేచోట పెట్టుకుంటుంది. పైడమ్మ వంటమనిషి కాబట్టి రోజంతా తలుపుల్లోంచి వస్తూ పోతూ ఉండేది. ఆమె పేరంటే చాలు, తలుపు టక్కున తెరుచుకునేది. అది సందులో ఒకరు కనిపెట్టారు, ఆ తర్వాత అందరూ అదే పేరు పట్టుకున్నారు. అందరూ కలిసి వాడేసరికి రికార్డు లావెక్కి ఇప్పుడు ఆ పేరూ నెమ్మదించింది. కానీ తమ సొంత పేర్లు ఈపాటికి అడుగున ఎక్కడో పడి ఉన్నాయి. వాటితో పోలిస్తే ఇదే నయం. లాభం పోయినా అలవాటు మిగిలింది.

పైడమ్మ గదిలో మంచం మీద కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళు రెండూ వాచి, వలకు కట్టే బెండ్ల దిండు మీద చాపి ఉన్నాయి. గదిలోపలి కుళాయికీ, గది తలుపుకీ డేటాబేస్‌తో పనిలేదు. ఆమె గది దాటి మూడేళ్ళు పైనే అయింది. అన్నం ఇరుగుపొరుగు తెచ్చి పెడతారు. తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటుంది. పల్చటి గోడలు కావటంతో ఆమె మూలుగు సందులో అందరికీ తెలుసు.

హైమావతి వచ్చిన పని చెప్పింది.

“నన్ను తీసీడానికొచ్చినావేటమ్మా?” అంది పైడమ్మ. “తీసీ. కానీ ముందు ఈ మోకాళ్ళు తీసీ.”

నమోదు 3

పైడమ్మ దగ్గర ఒక సందేశం ఉంది. మొదటి రేవు ఆసుపత్రి నుంచి డాక్టర్ ధర్మతేజ పంపింది. మోకాళ్ళ ఆపరేషన్ ఆయన ఒక్కరే చేస్తారు. ఎవరికి చేయాలో రికార్డులు చూసి నిర్ణయిస్తారు.

‘రికార్డు ప్రకారం రోగి రోజూ ఇరవై మైళ్ళు నడుస్తోంది, మెట్లు విరివిగా ఎక్కి దిగుతోంది. ఈ మోకాళ్ళు నా మోకాళ్ళకన్నా బాగున్నాయి. అభినందనలు.’

“నానెక్కడికీ కదల్లేదు బాబూ అని మూడుసార్లు కబురెట్టినాను,” అంది పైడమ్మ నాతో. “అంత తిరిగితే ఆకలి బాగా ఏస్తాదా అని అడిగినాడు.”

ఆసుపత్రికి వెళ్ళే పడవ ఈ వారంలో బయల్దేరుతుంది. అది వెళ్ళాక నీటివాలు తిరగబడి కింది దారి మంచుతో మూసుకుపోతుంది. మళ్ళీ తెరుచుకునేది వచ్చే ఏడాదే. కుడి మోకాలు అప్పటిదాకా ఆగదని మా రేవు నర్సు చెప్పింది. ఆ తర్వాత ఆపరేషన్ చేసినా నడక రాదట.

హైమావతి గదిలోంచి బయటికొచ్చి సందు గోడకు ఆనుకుంది.

“ఈమెను తీసేస్తే మీ తలుపులు బాగుపడతాయి, కానీ పేరు లేనివాళ్ళను పడవ ఎక్కనివ్వరు,” అంది. “ఇలాగే ఉంచితే డాక్టర్ చేయడు. రికార్డును విడదీయాలి. ఏ అడుగు ఎవరిదో వాళ్ళ పేరు మీద వేయాలి.”

“యంత్రానికి ఆ సంగతి తెలీదా?”

“దానికి పేరు తెలుసు, తలుపు తెలుసు, వేళ తెలుసు. పలికిన గొంతు ఎవరిదో దాచిపెట్టలేదు. కాబట్టి మనుషులే చెప్పాలి.”

తెడ్డు సందు మనుషులు నిజం చెబుతారన్న నమ్మకం మీద నడిచే ఏర్పాటు గురించి మా పత్రిక ఇంతవరకు ఎన్నడూ రాయలేదు.

నమోదు 4

పైడమ్మ గది తలుపు బార్లా తీసి, ఎదుటి గోడ మీద ఆమె రికార్డు వేశారు. సందు జనమంతా నేల మీద కూర్చున్నారు. రోజు, తలుపు, వేళ గోడ మీద కనపడతాయి. ఎవరిదో వాళ్ళు చెప్పాలి. హైమావతి మార్చి రాస్తుంది.

స్నానాలు ముందు వచ్చాయి. అందులో ఎవరికీ మొహమాటం లేదు. పైగా ఎగబడ్డారు.

“ఆ మద్దేనం తానం నాది.”

“నీదేటిరా? నువ్వు పండక్కో తానం సేస్తావు.”

“ఆ రోజు పండగే.”

భోజనాల దగ్గర కాస్త నెమ్మదించింది. ఒకే పూట రెండుసార్లు తిన్నవాళ్ళు ఎవరన్నది తేల్చటానికి చాలాసేపు పట్టింది. చివరికి ఒకాయన చెయ్యెత్తి, రెండోసారి తిన్నది ఆకలికి కాదనీ, పులుసు మిగిలిపోతే పైడమ్మ బాధపడుతుందనీ చెప్పాడు. అప్పటికి పైడమ్మ వంట మానేసి రెండేళ్ళయింది. ఆ సంగతి హైమావతి అడగలేదు. మార్చి రాసింది.

ఆ తర్వాత సారా గది వచ్చింది.

సారా గది ఊరికి అడుగున, ఈ సందుకు అవతలి కొసన ఉంది. పైడమ్మ ఇరవై మైళ్ళలో చాలా భాగం అక్కడికి పోయి రావటమే. ప్రతి సాయంత్రమూ పైడమ్మ, పైడమ్మ, పైడమ్మ అని గోడ నిండా ఉంది. మగవాళ్ళంతా పైకప్పు వంక చూశారు. పైకప్పులో చూడటానికి ఏమీ లేదు.

“ఎవరివి?” అంది హైమావతి.

లోపలి నుంచి పైడమ్మే పలికింది.

“పోనీ అయన్నీ నాయే అని రాసీయమ్మా. ముసిల్దానికి పరువేటి? తాగిందనుకుంతారు, అంతే గదా.”

“రాస్తే మీరు రోజూ అంతదూరం నడిచి, ఆ మెట్లన్నీ దిగి, తాగి, మళ్ళీ ఎక్కి వచ్చినట్టు. డాక్టర్ మీకు ఆపరేషన్ చేయడు. పతకం ఇస్తాడు.”

సన్యాసిరావు పక్కన ఆయన భార్య ఎరకమ్మ కూర్చుని ఉంది. ఆమె మొగుడి వంక చూడలేదు. తన మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుని, పైడమ్మ మోకాళ్ళ వంక చూస్తూ ఉంది. సన్యాసిరావు లేచి నిలబడ్డాడు.

“మొదటిది నాదండి.”

“మొదటిదేనా?” అంది ఎరకమ్మ.

“రెండోది కూడా.”

“మూడోది?”

“మూడోది నాది కాదు. మా సంఘం కార్యదర్శిది.”

వెనకవరసలో కార్యదర్శి తల దించుకున్నాడు. ఆ తర్వాత ఆగలేదు. ఒకరు ఒప్పుకున్నాక రెండోవాడికి సిగ్గు తగ్గింది, పదోవాడికి అది గొప్పయింది. మద్యనిషేధ సంఘంలో కార్యవర్గం మొత్తం పేర్లు వచ్చాయి. కోశాధికారికి అక్కడ సొంత గ్లాసు కూడా ఉందని తెలిసింది.

ఎరకమ్మ హైమావతిని ఒక్కటే అడిగింది. “మా ఇంటి తలుపు మీ మిసన్లో లేదు గదండీ?”

“లేదు.”

“మంచిదయింది. అది నాను సూసుకుంతాను.”

నమోదు 5

విడదీయటం పూర్తయింది. ఎవరిది వాళ్ళకు చేరింది. పైడమ్మ పేరు మీద గత మూడేళ్ళలో మిగిలింది ఏమీ లేదు. ఒక్క అడుగు కూడా లేదు. సందులో వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. హైమావతి కొట్టలేదు.

“మూడేళ్ళుగా ఏ ఉమ్మడి తలుపూ దాటని పేరు,” అంది. “రేపు శుభ్రం మొదలైతే ఇదే మొదట పోతుంది.”

ఆ ఒక్క పేరూ పక్కన పెట్టకూడదా అని అడిగాను. నియమం రేవు మండలిది, పడవ వెళ్ళాక గానీ మండలి కూర్చోదు. శుభ్రమైన జాబితాలో పేరుంటేనే పడవ ఎక్కనిస్తారు. ఆ జాబితా లేకుండా పడవ కదలదు కాబట్టి శుభ్రం వాయిదా వేయటమూ కుదరదు. ఇవన్నీ ఆమె వరసగా చెప్పింది. చెప్పి, “పక్కన పెట్టటం మొదలుపెడితే ప్రతివాళ్ళకూ ఒక పెద్దమ్మ ఉంటుంది,” అంది.

“అయితే ఆవిడ పేరు ఏదో ఒక తలుపు దగ్గర ఒక్కసారి వినపడితే సాలు గదండి?” అన్నాడు సన్యాసిరావు.

“చాలు.”

“దానికేటుంది. నానెల్లి సెప్పీసొస్తాను.”

హైమావతి ఆయన వైపు తిరిగింది.

“ఏమని?”

“పైడమ్మ అని.”

“ఇప్పటిదాకా ఆ గోడ మీద మనం చదివింది ఏమిటండీ?”

“అది నిజమేనండి. కానీ ఇది మంచికి గదా.”

ఆయన వెనక అప్పటికే పదిమంది లేచి నిలబడ్డారు. అందరూ మంచికే.

నమోదు 6

పొద్దున్నే పైడమ్మను చేపలు జార్చే బల్ల మీద కూర్చోబెట్టి స్నానాల గది దాకా లాక్కొచ్చారు. అది అన్నిటికన్నా దగ్గరి తలుపు. బల్ల కుదుపుకి ఆమె పళ్ళు బిగబట్టింది గానీ ఏమీ అనలేదు. సందు మొత్తం వెనక నడిచింది. తలుపు దగ్గర ఎవరూ నోరు మెదపకూడదని హైమావతి ముందే చెప్పింది. కొందరు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు.

తలుపు ‘ఎవరు’ అంది.

“నానే,” అంది పైడమ్మ.

ఆ పేరుతో ఎవరూ లేరని తలుపు చెప్పింది.

“పేరు సెప్పాల పెద్దమ్మా,” అన్నాడు సన్యాసిరావు రుమాలు పక్కకు తీసి.

“మీ అందరికీ తీసింది. నా గొంతింటే తెల్దేటి దీనికి?” అని గొణిగి, అప్పుడు చెప్పింది. “పైడమ్మ.”

తలుపు వెతకటం మొదలుపెట్టింది. రికార్డు ఖాళీ అయ్యేసరికి ఆమె పేరు చేతికందే చోటు నుంచి అందరి పేర్ల అడుక్కి జారిపోయింది. ఇండెక్స్ ఇంకా వేయలేదు. మొదటి పేజీ నుంచి రావాల్సిందే. ఇదే తలుపు ముందు ఆమె పేరు చెప్పి వేలసార్లు లోపలికి పోయినవాళ్ళంతా ఆమె వెనక నిలబడి ఉన్నారు. తెడ్డు సందు జనం తలుపు ముందు మౌనంగా నిలబడటం నేను చూడటం ఇదే మొదలు.

తెరుచుకుంది.

బల్ల వెనక్కి తిప్పబోయారు. పైడమ్మ చెయ్యెత్తి ఆపింది.

“ఎలాగూ వచ్చినాను గదా,” అంది.

ఎరకమ్మ ఆమెను లోపలికి తీసుకెళ్ళింది. వేడినీళ్ళ చప్పుడు వినపడింది. ఆ చప్పుడు చాలాసేపు ఆగలేదు. బయట స్నానానికి వచ్చినవాళ్ళ వరస మలుపు దాకా పెరిగింది. తొందరపెట్టినవాళ్ళు లేరు. ఒకతను మాత్రం నీళ్ళు అయిపోతాయేమో అన్నాడు. పక్కవాడు అతని కాలు తొక్కాడు.

నమోదు 7

శుభ్రం నిన్న జరిగింది. వాస్తవాలు ఇవి. తలుపులు ఇప్పుడు పేరు పూర్తిగా పలికేలోపే తెరుచుకుంటున్నాయి. భోజనశాల ముందు వరస లేదు. మాటలు సగంలో తెగిపోతున్నాయని పత్రికకు ఫిర్యాదులు వచ్చాయి. తీసేసిన పేర్లలో ప్రాణం ఉన్నవాళ్ళు ఎవరూ లేరు.

డాక్టర్ ధర్మతేజ నుంచి వెంటనే జవాబు వచ్చింది. ‘మూడేళ్ళలో ఒక్క స్నానం. అడుగులు లేవు. పరిస్థితి విషమంగా ఉంది, ఈ పడవకే పంపండి. రోజుకు ఇరవై మైళ్ళు నడిచిన మనిషి ఇంతలో ఇలా ఎలా అయిపోయింది?’

తోడుగా సన్యాసిరావు వెళ్ళాలని ఎరకమ్మ తేల్చింది. మొదటి రేవులో సారా గది లేదు.

ఈ మధ్యాహ్నం పడవ తలుపు దగ్గర ఉన్నాం. పడవలో గాలి మనిషికింత అని లెక్కగట్టి నింపుతారు. అందుకని ఆ తలుపు ఒక పేరుకు ఒక్కసారే తెరుచుకుంటుంది, మొదటి రేవు చేరేదాకా లోపలివాళ్ళను బయటికి వదలదు. జాబితాలో చివరి రెండు పేర్లు పైడమ్మ, సన్యాసిరావు. పెద్దమ్మకు చోటు సర్దుతానని సన్యాసిరావు మూటలు చంకన పెట్టుకుని ముందు నడిచాడు.

తలుపు ‘ఎవరు’ అంది.

“పైడమ్మ,” అన్నాడు.

తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్ళాడు. మూసుకుంది. అప్పటికి గానీ ఏం జరిగిందో మాకెవరికీ తట్టలేదు. తలుపు అద్దంలోంచి కనపడిన ముఖాన్ని బట్టి ఆయనకూ అప్పుడే తట్టింది.

పైడమ్మ బల్ల మీద నుంచి తన పేరు చెప్పింది. పైడమ్మ లోపలే ఉందని తలుపు చెప్పింది.

“సచ్చినోడా,” అంది ఎరకమ్మ అద్దంతో.

హైమావతి యంత్రం తెరిచింది. ఆ ఒక్క వరస సరిచేయాలంటే రేవులో తలుపులన్నీ ఆపాలి. అవి ఆగేలోపు నీటివాలు తిరుగుతుంది. ఇక ఆగలేనని పడవ నడిపే ఆయన లోపలి నుంచి గొట్టంలో చెప్పాడు. హైమావతి తల ఎత్తకుండా మీటలు నొక్కుతూనే ఉంది. బల్ల పట్టుకున్నవాళ్ళలో ఒకరు ఏడవటం మొదలుపెట్టారు.

పైడమ్మ వాళ్ళనెవరినీ చూడలేదు. తలుపు వంకే చూస్తోంది. అది మళ్ళీ ‘ఎవరు’ అంది.

“సన్యాసిరావు,” అంది పైడమ్మ.

తెరుచుకుంది. బల్లను లోపలికి తోశారు.

హైమావతి చేతులు ఆగిపోయాయి.

“ఇది తప్పు,” అంది.

“అవును,” అన్నాను.

“శుభ్రం చేసి ఒక్క రోజు కాలేదు.”

బయల్దేరమంటారా అని గొట్టంలో మళ్ళీ అడిగారు. ఆమె గొట్టం దగ్గరికి నడిచింది.

“చివర ఎక్కినవాళ్ళు ఎంతమంది?”

“ఇద్దరండి.”

“నా జాబితాలోనూ ఇద్దరే. వెళ్ళండి.”

నమోదు 8

మొదటి రేవు ఆసుపత్రి నుంచి సందేశం వచ్చింది. పంపినవారు డాక్టర్ ధర్మతేజ. దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

‘పైడమ్మ అని రికార్డున్న రోగి మీసాలతో వచ్చింది. తోడు వచ్చిన సన్యాసిరావు నడవలేకపోతున్నారు. రికార్డును బట్టి ఏమీ తేలలేదు. అందుచేత ఇద్దరినీ కూర్చోబెట్టి నాలుగు మోకాళ్ళూ చేత్తో పట్టి చూశాను. చాలా ఏళ్ళ తర్వాత ఆ పని చేశాను. రెండు మోకాళ్ళకు ఆపరేషన్ అవసరమైంది. చేశాను. బాగా జరిగింది. రోగి ఈ ఉదయం నిలబడింది. ఆపరేషన్ ఎవరి పేరు మీద రాయమంటారో తెలపండి.’

దాని కింద, పైడమ్మ చెప్పి రాయించిన మాట:

‘సన్నాసిగాడు ఇక్కడి కూడు బావుందని రెండు పూటలా నా పేరు సెప్పి తింతన్నాడు. నాకు మల్లీ లేదంతన్నారు. ఆ మేడమ్ గారికి సెప్పండి, ఆ బోజనాలు ఆడియే, ఆడి పేరునే రాసుకోమని.’